నాడి చూసి పుచ్చుకున్న పన్ను

మంగతాయారు పన్ను కట్టడానికి వెళితే ఆఫీసు వాళ్ళు పుచ్చుకోం పొమ్మన్నారు. డబ్బు తక్కువై కాదు, కాగితాలు లేకా కాదు. ఆవిడ నాడి నిమిషానికి నూట పన్నెండుసార్లు కొట్టుకుంటోందని.

ఆ నాడి ఆవిడకి కొత్తేమీ కాదు. ఫోను రెండుసార్లు మోగితే ఎవర్నో ఆస్పత్రిలో చేర్పించారనుకునేది. మోగకపోతే ఫోను చెయ్యడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది. కుక్కరు పెట్టి వంటింట్లోంచి బయటికొచ్చి, గుమ్మం అవతల నుంచుని దాని కూతలు లెక్కపెట్టేది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, పేపరు మాత్రం కూడబలుక్కుని రోజూ చదివేది. ప్రమాదాల పేజీ ఒక్కటే.

ఇంత భయంతోనూ కొత్తలంకపేట బస్టాండు ఎదురు సందులో ఎనిమిదేళ్ళుగా కర్రీ పాయింటు నడుపుతోంది. పదకొండుకి తెరిస్తే రెండున్నరకల్లా గిన్నెలు అడుగంటేవి. కూరలో ఏదైనా పడిందేమోనని మూడుసార్లు చూసుకుని కట్టే పొట్లాలు కనక జనం ఎగబడేవారు. ఆ ఎగబడటమే కొంప ముంచింది. ఈ ఏడు ఆవిడ ఆదాయం గీత దాటిందని ఆడిటరు గున్నేశ్వరరావు లెక్క తేల్చాడు.

"ఎనిమిది వేల ఆరొందల నలభై అవుద్దండి పన్ను," అన్నాడు.

"కట్టకపోతే ఏం చేత్తారండీ?" అంది మంగతాయారు. సమాధానం వినలేదు. అప్పటికే ఆవిడ కళ్ళకి కర్రీ పాయింటు తలుపుకి లక్కముద్ర, టీవీలో తన ఫొటో, కింద పాకే అక్షరాలు కనబడిపోయాయి. "ఇయ్యాలే కట్టేత్తానండి," అని లేచింది.

కట్టాల్సిన అవసరమూ ఉంది. కూతురు హిమజకి విశాఖపట్నంలో ఫిజియోథెరపీ సీటొచ్చింది. చదువు అప్పు ఇస్తానన్న బ్యాంకు మేనేజరు, తల్లి పన్ను కట్టిన రసీదు కావాలన్నాడు. "ముప్ఫయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటికల్లా నా బల్ల మీద ఉండాలమ్మా. లేకపోతే నేను చెయ్యగలిగిందేం లేదు. ఫీజు అందకపోతే సీటు తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారు."

అప్పటికి పన్నెండో తారీఖు. పద్దెనిమిది రోజులుంది. మామూలు మనుషులకైతే చాలినంత.

*

ప్రాంతీయ పన్ను అవగాహన కేంద్రం గుమ్మానికి మామిడాకులు కట్టారు. లోపల స్పీకర్లో సన్నగా వేణువు. గోడ మీద నిలువెత్తు బ్యానరు: 'నిర్భయ పన్ను – నిండు హృదయ పన్ను'.

ఆ పథకానికి కారణం ఒక సర్వే. పన్ను ఎందుకు కడుతున్నారని వందమందిని అడిగితే, తొంభై ఏడుగురు 'కట్టకపోతే ఏం చేస్తారోనని' అన్నారు. మిగిలిన ముగ్గురు 'ఎవరు మీరు, మీకెందుకు' అని తలుపేసుకున్నారు. దాంతో పై అధికారుల మనసు గాయపడింది. అధికారులందర్నీ పదిరోజుల పాటు కొండ మీది విడిదిలో శిక్షణకి పంపారు. దిగొచ్చేటప్పుడు ఒక సర్క్యులరుతో దిగొచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి కౌంటరు పక్కన తగిలించారు:

'పన్నును అర్థము చేసుకున్నవారు భయపడరు. భయపడువారు అర్థము చేసుకొనలేదు. అర్థము చేసుకొననివారి వద్ద పన్ను స్వీకరించుట ప్రజాస్వామ్య విరుద్ధము. కావున భయపడువారి వద్ద పన్ను స్వీకరించరాదు.'

మంగతాయారు దాన్ని రెండుసార్లు చదివి, తననే ఎవరో చూసి రాసినట్టుందనుకుంది.

"వేలు ఇలా ఇవ్వండమ్మా," అంది సువర్ణ. సువర్ణ మొన్నటిదాకా తపాలా మీద స్టాంపులు అంటించే గుమస్తా. ఇప్పుడు ఆమె బల్ల మీద 'నాడీ పరిశీలకురాలు' అన్న పలక ఉంది.

"ఏలెందుకండీ? ఏలిముద్రా?"

"కాదండి. భయం చూత్తాం."

వేలికి ప్లాస్టిక్కు క్లిప్పు తొడిగింది. కరోనా రోజుల్లో ఇంటింటా చూసిన క్లిప్పే అది. దాన్ని చూడగానే మంగతాయారుకి ఆ రోజులు గుర్తొచ్చి నాడి తొంభై దాటింది. ఎదుట తెర మీద ఒక వాక్యం వెలిగింది.

"పైకి చదవండి. డెబ్బైకీ ఎనభైకీ మధ్య ఉంటే పాసు."

"మినహాయించదగిన మొత్తమును మినహాయించగా మిగిలిన మొత్తములో మినహాయింపునకు అర్హము కాని..." అని మూడో మినహాయింపు దగ్గరికి వచ్చేసరికి క్లిప్పు కీచుమంది. నూట పన్నెండు.

లోపలి గదిలోంచి అవగాహనాధికారి చిదానందమూర్తి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మొహం నిండా కొండ మీద నేర్చుకున్న చిరునవ్వు. తన వేలికి కూడా క్లిప్పుంది. పారదర్శకత కోసం అధికారులు కూడా పని వేళల్లో తొడుక్కు తిరగాలని నియమం.

"శ్రీమతి మంగతాయారు గారూ, మీ నాడి మిమ్మల్ని పట్టి ఇచ్చినది. భయముతో కట్టు పన్ను పన్ను కాదు, అది కప్పము. ఈ శాఖ కప్పము స్వీకరించదు."

"అయ్యో, నాకు పుట్టుకతోనే ఇంతండి బాబూ. మా అమ్మకీ ఇంతే. డబ్బు లెక్కపెట్టుకుని తీసేసుకోండి, ఎల్లిపోతాను."

"తీసుకొనుట సులభము. కాని మీ అవగాహన మాటేమిటి? శాంతించి మరల రండి."

"మరి ఈలోపు గడువు దాటిపోతే?"

"జరిమానా పడును."

"మీరే తీసుకోట్లేదు కదండీ?"

చిదానందమూర్తి జాలిగా చూశాడు. "మేము స్వీకరించకపోవుట వేరు, మీరు చెల్లించకపోవుట వేరు. మొదటిది విధానము. రెండవది నేరము."

నేరమన్న మాటకి నూట పద్దెనిమిది కొట్టింది. సువర్ణ దాన్ని కూడా రిజిస్టర్లో రాసుకుంది.

*

"దీనికింత గాబరా ఎందుకే తాయారూ," అన్నాడు గవర్రాజు. ఆయన కాలవల శాఖలో లస్కరు. లాకుల దగ్గర నీటిమట్టం చూసి రాయడం ఆయన పని. నీళ్ళుంటే ఉన్నాయని రాసేవాడు, లేకపోతే లేవని రాసేవాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఏ నీళ్ళని చూసీ కంగారు పడలేదు. "మజ్జిగ తాగెళ్ళు. కళ్ళు మూసుకుని నీకిష్టమైంది ఏదన్నా తలుచుకో."

మంగతాయారు మజ్జిగ తాగి వెళ్ళింది. కళ్ళు మూసుకుని హిమజ కాలేజీకి వెళ్తున్నట్టు తలుచుకుంది. హిమజ రోడ్డు దాటింది. ఆ రోడ్డు మీద లారీ వచ్చింది. నూట ఇరవై ఆరు.

ఆఫీసు ముందు చెట్టుకింద చిన్న బజారు వెలిసింది. చల్లటి మజ్జిగ పాతిక, ప్రాణాయామం రెండొందలు. నాడి తగ్గించే మాత్ర మోతాదు మించి మింగిన ధాన్యం వ్యాపారి ఒకాయన కుర్చీలోనే స్పృహ తప్పాడు. డెబ్బై రెండు చూపించింది గనక ఆయన పన్ను పుచ్చుకున్నారు, రసీదు జేబులో పెట్టి అంబులెన్సు ఎక్కించారు. నోటీసు బోర్డు మీద ఆయన ఫొటో వేసి 'ఈ వారపు నిర్భయ పౌరుడు' అని రాశారు.

తన పన్ను కట్టుకోవడానికొచ్చిన ఆడిటరు గున్నేశ్వరరావు నాడి మాత్రం యాభై ఎనిమిది దగ్గర కదలకుండా నుంచుంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం. తెర మీద వాక్యం చదువుతూ ఆవలించాడు కూడా. వెంటనే గంట మోగింది. అరవై లోపుంటే అతి నిర్భయత కింద లెక్కట. ఇన్ని నిబంధనలు చూసి కూడా చలించని మనిషికి వాటిలోంచి బయటపడే దారులు తెలిసే ఉండాలని, ఆ సాయంత్రమే ఆయన ఫైళ్ళన్నీ ఆటోలో వేసుకుపోయారు.

"మరి ఎంత భయపడాలండీ?" అని మంగతాయారు సువర్ణని గుట్టుగా అడిగింది.

"బాధ్యత ఉన్నంత ఉండాలండి, బాధ పడేంత ఉండకూడదు," అంది సువర్ణ. అది కూడా సర్క్యులర్లో ఉన్న మాటే.

పంతొమ్మిదో తారీఖున రిజిస్టరు పోస్టులో నోటీసొచ్చింది. హిమజ చదివింది.

"'మీరు మూడు పర్యాయములు భయపడినట్లు మా రికార్డుల వలన తేలినది. ఏల భయపడితిరో వారము దినములలో సంజాయిషీ ఇవ్వని యెడల మీపై అత్యంత కఠినమైన చర్యలు తీసుకొనబడును. ఈ నోటీసు చూసి భయపడవలదు.'"

మంగతాయారు గోడకి చేరబడి కూర్చుండిపోయింది. "భయపడినందుకు జైల్లో ఏత్తారంటే, ఇంకా భయపడతారా లేదా నువ్వే చెప్పవే?"

"అమ్మా, జైలని ఎక్కడా లేదే ఇందులో."

"లేదు గనకే భయం. ఉంటే ఎన్నాళ్ళో తెలిసేది."

*

నోటీసుతో పాటు 'భయ ప్రకటన పత్రం' జతచేశారు. పన్ను కట్టేవారు తమ భయాలన్నీ దాచకుండా అందులో ప్రకటించాలి. భయం పేరు, ఎప్పటినుంచి, వారసత్వమా స్వార్జితమా, ఉమ్మడిదైతే వాటా ఎంత. అరవై దాటిన పెద్దల గురించిన భయాలకి మినహాయింపు ఉంది. పరీక్షల సీజనులో పిల్లల గురించి పడే భయానికి సగం రాయితీ.

మంగతాయారు మొహం విప్పారింది. ఆ ఫారంలో ఆవిడకి తెలియని గడి ఒక్కటీ లేదు. పన్ను కాగితం చూస్తే అక్షరాలు అలుక్కుపోయే మనిషి దీన్ని తెచ్చి చాప మీద పరిచి, "రాయవే హిమజా," అని కూర్చుంది.

"ఒకటి. గ్యాసు ట్యూబు ఎలక కొరుకుద్దేమోనని. రెండు. కొరకలేదని మనం అనుకుంటున్నాం గానీ కొరికేసిందేమోనని. మూడు. కరెంటోళ్ళు తీగ ఏసేటప్పుడు మన డాబా మీంచి ఏశారు కదా..."

"ఇది స్వార్జితమా?"

"ఆయ్, నాదే. తేళ్ళు మా అమ్మ వైపు నుంచి. చెరువు గట్టు మీద కారు జారుద్దేమోనన్నది మా నాన్న వైపు. మీ నాన్న లాకుల మీద నడుత్తా ఫోను మాట్లాడతారు చూడు, అది రాయి."

రెండు రోజులు పట్టింది. అదనపు కాగితాలు పదకొండు. మొత్తం భయాలు రెండొందల పన్నెండు. కింద సంతకం చేసేటప్పుడు ఏదైనా మర్చిపోయానేమోనని ఆవిడకి భయం వేసింది, దాన్ని రెండొందల పదమూడుగా చేర్పించింది.

భర్త తరఫున కూడా ఒక పత్రం ఇవ్వాలన్నారు. గవర్రాజు చాలాసేపు ఆలోచించి 'లేవు' అని రాసి సంతకం పెట్టాడు. నీటిమట్టం రాసే అలవాటు.

అదే కొంపలంటించింది. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూసిన చిదానందమూర్తి భార్యాభర్తలిద్దర్నీ పిలిపించాడు.

"భార్యకు రెండు వందల పదమూడు, భర్తకు సున్న. ఇందులో తొంభై ఆరు భయములు భర్తగారి ఆరోగ్యము, బండి, ఉద్యోగమునకు సంబంధించినవి. అనగా, భయపడవలసినది వారు, భయపడుచున్నది మీరు. దీనిని బినామీ భయమందురు."

"నేనేం పెట్టమన్లేదండి ఆవిడ పేరున," అన్నాడు గవర్రాజు.

"పెళ్ళయిన కాణ్ణుంచీ నేనే సూసుకుంటన్నానండి," అంది మంగతాయారు. "ఆయనకిస్తే పాడు చేసేత్తారు."

చిదానందమూర్తి కలం మూశాడు. "ఒప్పుకొన్నారు. ఇన్ని పైకి ప్రకటించినవారు లోపల ఎన్ని దాచితిరో! సోదా చేయవలసి ఉన్నది."

*

ఇరవయ్యారున పొద్దున్నే జీపు వచ్చింది. చిదానందమూర్తి, సువర్ణ, ఇద్దరు జవాన్లు. కర్రీ పాయింటుకి సెలవు చీటీ అంటించి, మంగతాయారు వాళ్ళ వెనకాలే తిరిగింది.

దాచిన భయాలు గుట్టలు గుట్టలుగా బయటపడ్డాయి. బీరువాలో నాలుగు టార్చిలైట్లు, పంతొమ్మిది కొవ్వొత్తులు. బియ్యం డబ్బాలో ప్లాస్టిక్కు కవర్లో చుట్టిన ఆధార్ జిరాక్సులు, అవి తడిస్తే ఉండాలని పప్పు డబ్బాలో మరో సెట్టు. మంచం కింద తాడు.

"ఈ తాడు దేనికి?" అన్నాడు చిదానందమూర్తి.

"ఇల్లంటుకుంటే దిగటానికండి."

"మీది నేలమట్టపు ఇల్లు కదా?"

"డాబా మీద వడియాలు పెట్టేటప్పుడు అంటుకుంటే?"

జవాను ఒకడు అటక చూడటానికి స్టూలెక్కబోయాడు. మంగతాయారు వాడి చొక్కా పట్టుకుని ఆపింది. "బాబూ, దానికో కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టి ఎక్కు. మీ ఇంట్లో పిల్లలున్నారా? ఉంటే ఎక్కనే ఎక్కకు."

వాడు ఎక్కలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.

మధ్యాహ్నం భోజనాలు పెట్టింది. సోదాకి వచ్చినా అన్నం వేళ కదా. చిదానందమూర్తి ముద్ద ఎత్తాడు. "నిదానంగా నవలండి బాబుగారూ. మా వీధిలో ఒకాయనకి కరివేపాకు అడ్డం పడి మూడురోజులు ఆస్పత్రిలో ఉన్నాడు." ఆయన కరివేపాకు ఏరి పక్కన పెట్టాడు. "అంత పొద్దున్నే ఒచ్చారు, ఇంటికాడ గీజరు ఆపొచ్చారా మరి?"

ముద్ద చేతిలోనే ఆగింది. ఆపినట్టే గుర్తు. ఆపినట్టు గుర్తుండటం, ఆపటం ఒకటి కావని ఆయనకి జీవితంలో మొదటిసారి తట్టింది. వేలికున్న క్లిప్పు ఎనభై మూడు చూపించింది. పెరట్లోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు. భార్య తియ్యలేదు. తొంభై ఆరు.

సోదా మధ్యలో ఆపేశారు. జప్తు చేసిన కొవ్వొత్తులు జీపులో వేసుకుని, "ముప్ఫయ్యో తారీఖున తుది విచారణ. మీ పత్రమును అధికారి స్వయముగా పైకి చదివి, ప్రతి భయమును నిర్మూలించి, అనంతరము నాడి చూచెదరు," అని చెప్పి వెళ్ళారు. జీపు మలుపు దగ్గర చాలా మెల్లగా తిరగటం అందరూ చూశారు.

*

ముప్ఫయ్యో తారీఖు. విచారణ పదింటికన్నారు, ఒంటిగంటకి పిలిచారు. హిమజ బ్యాంకు కాగితాల సంచీ గుండెకి హత్తుకుని వరండాలో కూర్చుంది. గవర్రాజు సైకిలు స్టాండు వేసి తయారుగా ఉంచాడు. బ్యాంకు అక్కడికి పదినిమిషాలు.

చిదానందమూర్తి చదవటం మొదలుపెట్టాడు. మొదటి ఇరవై భయాల్నీ కొండ మీద నేర్పినట్టు నిర్మూలించాడు. "గ్యాసు గొట్టము ఎలుక కొరుకునని. నిరాధారము. కొట్టివేయడమైనది." నలభై దగ్గర గొంతు నెమ్మదించింది. 'కొత్త టైరని చెప్పి పాతదానికి రంగేసి అమ్ముతారేమోనని' అన్నచోట ఆగి, కిటికీలోంచి తన కారు వంక చూశాడు. 'పిల్లలు స్కూల్లో బాగానే ఉన్నాం అంటారు గానీ మనం కంగారు పడతామని అలా అంటారేమోనని' చదివాక, సువర్ణ లేచి వెళ్ళి ఫోను చేసుకొచ్చింది.

రెండున్నరకి నూట డెబ్బై అయ్యాయి. ఆయన క్లిప్పు తొంభై ఎనిమిది. మంగతాయారుది నూట ఇరవై. గోడ గడియారం వంక చూసినప్పుడల్లా మరో రెండు.

"నూట తొంభై తొమ్మిది," అన్నాడు చిదానందమూర్తి. నుదురు తుడుచుకున్నాడు. "'పన్ను గురించి నాకెలాగూ తెలవదు. చెప్పే ఆఫీసరుకి కూడా తెలవదేమోనని.'"

చదివి కొట్టెయ్యలేదు. కలం కాగితం మీద ఆనించి మళ్ళీ తీసేశాడు. క్లిప్పు కీచుమంది. నూట ముప్ఫై నాలుగు.

"నిరాధారమని రాయండి సార్, టైమవుతోంది," అంది సువర్ణ.

"నిరాధారము కాదు," అన్నాడు ఆయన. గొంతులో అధికారి లేడు. "నిజం. నాకు తెలీదమ్మా. ఇరవైరెండేళ్ళుగా నా పన్ను జీతంలోంచి వాళ్ళే కోసుకుంటున్నారు. కోశాక మిగిలింది నాకిస్తున్నారు. ఎందుకు కోశారో, ఎంతకి ఎంతో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే తెలీదని తెలిసిపోతుంది. ఆ తెర మీద వాక్యం నేను ఒక్కసారి కూడా చివరిదాకా చదవలేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని రోజూ..." అని కలం వదిలేశాడు. వేణువు మాత్రం వినిపిస్తోంది.

మంగతాయారు కుర్చీ ముందుకి లాక్కుంది.

ఇప్పుడు జరిగింది ఆమెని ఎరిగినవాళ్ళకి కొత్త కాదు. ఆపద రాబోతోందంటే ఒణికే మనిషి, ఎదురుగా ఇంకొకరు బెదిరిపోతుంటే చూసి తట్టుకోలేదు. హిమజకి జ్వరం రాబోతుందన్న ఊహకే ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేది, నిజంగా వస్తే రాత్రీ పగలూ రాయిలా కూర్చునేది. అప్పుడు భయపడటానికి తీరిక ఉండదు.

"ఇటు చూడండి బాబూ. నీళ్ళు తాగండి, ఒకేసారి కాదు, గుక్కగుక్కగా. పన్నంటే ఏముందండీ? నేను రోజూ గిన్నెలు దింపుతాను. ఒచ్చిన డబ్బంతా నాదా? కాదు. కూరగాయలోడిది, నూనెది, గ్యాసుది, కొట్టద్దె తీసెయ్యాలి. మిగిలింది నాది. అందులో ఒక గీత దాకా ఎవరూ అడగరు, తినటానికి మనకొదిలేశారు. గీత దాటిన ముక్కలోనే వాళ్ళకి కొంచెం. దాటావని మొత్తం గిన్నె పట్టుకుపోరు. నేనూ మొదట అలాగే అనుకుని ఏడ్చాను. గున్నేశ్వర్రావుగారు చెప్పాక గానీ తెలవలా."

"దాటిన ముక్కలోనేనా?" అన్నాడు చిదానందమూర్తి.

"ముక్కలోనే."

"గిన్నె మొత్తం కాదా?"

"గిన్నె మనదేనండి బాబూ. దానికింత కంగారెందుకు?"

ఆయన ఊపిరి వదిలాడు. "ఇరవైరెండేళ్ళు," అన్నాడు తనలో తను.

సువర్ణ కుర్చీలోంచి దిగ్గున లేచింది. "సార్! మేడం క్లిప్పు చూడండి. డెబ్బై నాలుగు!"

మంగతాయారు వేలి వంక చూసుకుంది. అంకె నిజమే. అది చూసి మళ్ళీ పెరిగేలోపు సువర్ణ చకచకా డబ్బు లెక్కపెట్టి, రిజిస్టర్లో రాసి, రసీదు తీసింది. గడియారం మూడూ ఇరవై.

సంతకం దగ్గర ఆగింది. నియమం ప్రకారం భయంలో ఉన్న అధికారి సంతకం చెల్లదు. ఆయన క్లిప్పు ఇంకా నూట పద్నాలుగు.

"ఏంటండీ ఇది, ఇప్పుడు ఈయనకి తగ్గాలా?" అంది మంగతాయారు.

"ఎనభైకి దిగాలండి," అంది సువర్ణ.

హిమజ గుమ్మంలోకి వచ్చి నుంచుంది. అమ్మ ఆమె వంక చూడలేదు. చూస్తే తన నాడి ఏమవుతుందో ఆవిడకి తెలుసు.

"బాబుగారూ, మీకు గీజరు దిగులు కదా. ఆపే ఉంటారు."

"ఏమో..."

"ఆపారు. కారు టైరు బానే ఉంది, ఇందాక నేనూ చూశాను. పిల్లలు బానే ఉన్నారు. మీకు తెలవదన్న సంగతి ఈ గదిలోంచి బయటికెళ్ళదు. ఏం కాదు." జీవితంలో ఎవరికీ ఆ రెండు మాటలూ చెప్పని నోటికి అవి చేదుగా తగిలాయి. అయినా మళ్ళీ అంది. "ఏం కాదు బాబూ. నేనున్నాను కదా. ఏం కాదు."

నూట రెండు. తొంభై ఒకటి. ఎనభై ఆరు దగ్గర ఎవరో బయట హారను కొట్టారు, తొంభైకి ఎగిరింది. సువర్ణ వెళ్ళి కిటికీ మూసింది. ఎనభై రెండు. మూడూ నలభై. డెబ్బై తొమ్మిది.

సంతకం పడింది.

*

బ్యాంకు మేనేజరు రసీదుని వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. "సంతకం వణికినట్టుందేంటమ్మా?"

"ఒణకలేదండి. డెబ్బై తొమ్మిది," అంది మంగతాయారు రొప్పుతూ. సైకిలు వెనక సీటు మీద వచ్చింది. "కావాలంటే సర్టిఫికెట్టు కూడా ఉంది."

సర్టిఫికెట్టు నిజంగానే ఉంది. సువర్ణ పరిగెత్తుకొచ్చి గేటు దగ్గర చేతిలో పెట్టింది. మేనేజరు దాన్ని పైకి చదివాడు.

"'శ్రీమతి మంగతాయారు దేనికినీ భయపడరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. నాలుగు సంవత్సరములు చెల్లును. ఈ కాలములో వీరు బహిరంగముగా భయపడినట్లు ఎవరైనను గమనించినచో పన్ను వాపసు చేయబడి రసీదు రద్దగును.'" కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "రసీదు రద్దయితే అప్పు కూడా రద్దవుతుందమ్మా, మరి జాగ్రత్త. పాప చదువు నాలుగేళ్ళే కదా."

అప్పు మంజూరైంది.

పదిరోజుల తర్వాత బస్టాండులో హిమజ విశాఖపట్నం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెవులు అప్పగించి కూర్చుంది. ఎక్కడ నుంచోవాలో, ఏం తినకూడదో, ఎవరితో మాట్లాడకూడదో అన్నీ ఇప్పుడు మొదలవుతాయని ఆమెకి తెలుసు. అమ్మ కిటికీ కింద నుంచుంది.

"అమ్మా, ఏం చెప్పవా?"

మంగతాయారు చుట్టూ చూసింది. బస్టాండు నిండా జనం. అరటిపళ్ళ బండి పక్కన చిదానందమూర్తి ఆఫీసు జవాను ఒకడు పళ్ళు బేరమాడుతున్నాడు. అటు తిరిగి నవ్వింది, ఇటు తిరిగి నవ్వింది.

"ఏం లేదమ్మా. హాయిగా వెళ్ళు," అంది అందరికీ వినపడేలా.

హిమజ కంగారుగా కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది. "నాన్నా, అమ్మకి ఒంట్లో బాలేదా?"

బస్సు కదిలింది. "చెయ్యి లోపల పెట్టుకో పాపా! ఆ డ్రైవరు కునుకుతున్నాడేమో చూడు!" అని గవర్రాజు రెండడుగులు బస్సు వెంట పరిగెత్తాడు. ఆయన అలా పరిగెత్తటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మంగతాయారు కదల్లేదు. బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది. మలుపు తిరిగి, దుమ్ము అణిగిపోయాక కూడా మొహం మీంచి ఆ నవ్వు తియ్యలేదు, ఎవరైనా చూస్తున్నారేమోనన్న భయంతో.